పూజగది కింద సోంపు వాసన

కేశవరావు కొట్లో ధనియాల గొడవ జరిగినప్పుడు సీతారావమ్మ అక్కడే నిలబడి ఉంది, కరివేపాకు పొట్లం చేత్తో పట్టుకుని. అందుకే ఆ సంగతిని ఎవరు ఎలా తిప్పి చెప్పినా ఆవిడ ఒప్పుకోదు. చూసినదాన్ని నేనుండగా విన్నవాళ్ళ మాటేమిటి అంటుంది.

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళో మన సరుకులు దొరికే కొట్టు అది. కేశవరావు పెద్ద బస్తాలు తెప్పించి, చిన్న సంచుల్లో కట్టి అమ్ముతాడు. ఆవేళ సీతారావమ్మ స్నేహితురాలు శ్యామసుందరి ధనియాల సంచి తెచ్చి గల్లా ముందు ఠపీమని పెట్టింది.

"ఇవి ఫినాయిల్ పక్కన పడుకున్నాయి."

"ఫ్రెష్ స్టాక్ ఆంటీ. మొన్ననే దిగింది."

"దిగడం మొన్నే దిగింది. పడుకోవడం ఫినాయిల్ పక్కన పడుకుంది."

"ఇంతమంది కొన్నారు, ఒక్కరూ కంప్లైంట్ చెయ్యలేదు. మీకలా అనిపిస్తోంది, అంతే."

అనిపిస్తోంది అన్న మాట శ్యామసుందరికి పడదు. బొడ్డులోంచి చేతిరుమాలు తీసింది. "వంగు నాయనా" అంది. ఆరడుగుల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఎందుకు వంగాడో అతనికే తెలియదు. కళ్ళకి గంతలు కట్టేసింది. వేరే కంపెనీ పొట్లం విప్పించి ఒక గుప్పెడు, ఈ సంచిలోంచి ఒక గుప్పెడు తీసి, అతని ముక్కు కింద ఒకటి తర్వాత ఒకటి పెట్టింది.

"ఏది పొయ్యి మీదికి, ఏది పాయిఖానాలోకి? నువ్వే చెప్పు."

కేశవరావు మొదటిదానికి తలూపాడు. రెండోదానికి ముఖం పక్కకి తిప్పేసుకుని, "ఇది బాత్రూమ్ కడిగినట్టుంది" అన్నాడు. గంతలు విప్పి చూసేసరికి అది తన సంచే. కొట్లో ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు. ఆ బస్తా మొత్తం లోపలికి మోయించాడు పాపం.

ఆ రోజు నించి శ్యామసుందరి ముక్కుకి ఊళ్ళో ఎదురు లేదు. ఆవిడ ముక్కు ఒక మాటంటే కోర్టు తీర్పే. ఆవిడ మటుకు మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు. "గెలిచిన చోటికి మళ్ళీ వెళ్తే విలువ తగ్గిపోతుందే సీతా" అనేది.

ఆ ముక్కే తర్వాత ఒక సంసారం మీదికొచ్చింది.

శ్యామసుందరిది బాపట్ల. భర్త శేషాచలం రైల్వే స్టేషన్లో బుకింగ్ గుమాస్తా. మనిషి మెత్తన, మాట మెత్తన, చొక్కా జేబులో ఎప్పుడూ సోంపు. "భోంచేశాక నోట్లో వేసుకోకపోతే అరగదు" అనేవాడట. ఈవిడ నమ్మింది. నమ్మి, తనే వేయించి, పంచదార పలుకులు కలిపి, పొట్లం కట్టి జేబులో పెట్టి పంపేది. ఆ సోంపు దేన్ని కప్పడానికో డాక్టరు చెబితే గాని తెలియలేదు. అప్పటికి ఆయన కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట కుండలా ఉబ్బింది. మనిషి దక్కలేదు. ఊరంతటి వాసనలూ పట్టే మనిషి పక్కలో ఉన్న సారా వాసన పట్టలేకపోయిందని బాపట్లలో ఆడవాళ్ళు బాహాటంగానే అన్నారు. తన చేత్తో కట్టిన పొట్లం గదా మరి! ఆవిడకి మంట పుట్టింది ఆ మాటకి కాదు, ఆ పొట్లానికి.

అలాంటి మనిషికి అల్లుడిగా దొరికినవాడు భానుప్రసాద్.

భానుప్రసాద్ ఇక్కడి ఆస్పత్రిలో నర్సు. మగవాడు నర్సేమిటని మొదట్లో సీతారావమ్మ మూతి తిప్పిన మాట నిజమే గాని, అతను రోగులని పలకరించే తీరు చూశాక ఊరుకుంది. పనిమంతుడు. ఒక దశలో తాగాడు. దాచకుండానే తాగాడు, అదొక్కటే అతనిలో మెచ్చుకోవలసింది. భార్య వైశాలి బట్టలు సర్దుకుని సిడ్నీలో రౌస్ హిల్‌లో ఉన్న స్నేహితురాలి ఇంటికి వెళ్ళిపోయింది. ఇతను వెనకాలే వెళ్ళి, ఆ ఇంటి ముందు కారులో కూర్చుని ఏడ్చాడట. చివరికి వచ్చింది. వస్తూ ఒకటే మాట చెప్పింది: ఇంకొక్క చుక్క ముట్టావంటే నేను మాట్లాడను, గొడవ పడను, వెళ్ళిపోతాను, ఈసారి తిరిగి రాను.

తల్లిని రప్పించింది అప్పుడే. పైకి చెప్పుకున్నది తోడుకని. అసలు కాపలాకని అందరికీ తెలుసు, అల్లుడికి అందరికంటే ముందు తెలుసు. సాయంత్రం అతను డ్యూటీ దిగి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే శ్యామసుందరి ఎదురొచ్చి మంచినీళ్ళ గ్లాసు ఇచ్చేది. గ్లాసు అందుకునేటంతసేపూ ఊపిరి లోపలికి పీల్చేది. అతను ఆ గ్లాసు మెల్లిగా అందుకుని, "చూశారా అత్తయ్యగారూ?" అన్నట్టు ఒక్క క్షణం ఆగి లోపలికి వచ్చేవాడు. కోపం చూపించలేదు ఏనాడూ.

తాగుడు మానినప్పటినించి పొద్దున్నే పూజగదిలో దీపం పెట్టేది అతనే. అంతకుముందే శ్యామసుందరి ఆ గది కడిగి ముగ్గేసి ఉంచేది. అది పాతకాలపు చెక్క ఇల్లు. నేలంతా పలకలే, కింద బోలు. ఇక్కడివాళ్ళు తడిగుడ్డ పెట్టి తుడుచుకుంటారు. ఈవిడ బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి గుమ్మరించి, చీపురుతో తోసేది. "అత్తయ్యగారూ, ఇవి టింబర్ ఫ్లోర్లు. మాప్ చేస్తే చాలు" అని అల్లుడు ఒకసారి అన్నాడు. "దేవుడి గది తుడవడమేమిటి బాబూ, వంటింటి గట్టా అది?" అంది. తర్వాత సీతారావమ్మ దగ్గర, "నీళ్ళ బిల్లుకి ఏడుస్తున్నాడే" అని గొణిగింది. నీళ్ళు ఎటు పోతున్నాయన్న ఆలోచన ఎవరికీ రాలేదు. పలకల సందుల్లోంచి దిగిపోయేవి. కళ్ళకి కనపడకుండా పోయేవాటిని గురించి మనిషి ఎందుకు ఆలోచిస్తాడు?

ఫిబ్రవరి వానలు పట్టుకున్నాయి. ఆ వానల్లోనే ఒకరోజు పొద్దున, అల్లుడు దీపం పెట్టి డ్యూటీకి వెళ్ళాక, శ్యామసుందరి పూజగదిలోకి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది.

సోంపు.

మధ్యాహ్నానికల్లా సీతారావమ్మ ఇంటికి వచ్చేసింది. సీతారావమ్మ ఉండేది వెనక వీధిలో, కూతురూ అల్లుడూ దగ్గర.

"మొదలెట్టాడే."

"ఏం మొదలెట్టాడు?"

"మా ఆయన చేసిన పనే. సోంపు నములుతున్నాడు."

"మీ ఇంట్లో బల్ల మీద సోంపు డబ్బా ఉంటుంది గదే. భోంచేశాక మేమందరం తినే వెళ్తాం."

"పొద్దున్నే, పరగడుపున, దేవుడి దగ్గర ఎవడు నములుతాడు? చెప్పు."

సీతారావమ్మ కొంగు దోపుకుని లేచింది. ఒప్పుకోవాలి, ఆవిడకి లోపల్లోపల ఉత్సాహమే వచ్చింది. ఈ ఊళ్ళో ఏం జరుగుతుంది గనక? ఇద్దరూ కలిసి వెళ్ళి చూశారు. సీతారావమ్మ ముక్కు మామూలు ముక్కే, అయినా దానికీ అందింది. సన్నగా, తీయగా, పెళ్ళి భోజనాల తర్వాత తాంబూలం పళ్ళెం దగ్గర వచ్చేటట్టు. దాని వెనకాల తడి పుట్టగొడుగుల వాసన ఒకటి. "దోమలు కూడా ఎక్కువయ్యాయి ఈ గదిలో" అంది శ్యామసుందరి, అదీ అల్లుడి తప్పే అన్నట్టు.

బల్ల మీది సోంపు డబ్బా తీసి చెత్తబుట్టలో బోర్లించింది. ఇంట్లో ఒక్క గింజ లేకుండా చేస్తే, ఇక వాసన వచ్చిందంటే బయటినించి తెచ్చుకున్నదేగా అని లెక్క. ఆ రాత్రి భోంచేశాక అల్లుడు చెయ్యి అలవాటుగా డబ్బా ఉండేచోటికి వెళ్ళి, ఖాళీ బల్ల మీద ఒకసారి తట్టి, వెనక్కి వచ్చేసిందట. ఏమీ అడగలేదట. "అడగలేదంటే తెలిసిందన్నమాటే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు" అంది శ్యామసుందరి. భుజాలు తడుముకోనివాడు కూడా దొంగే అయితే ఇక బతికేదెలా అని సీతారావమ్మకి అనిపించింది.

వాసన తగ్గలేదు. తగ్గకపోగా పెరిగింది.

ఇక వెతుకులాట. అల్లుడు డ్యూటీలో ఉన్నప్పుడు ఇద్దరూ బూట్లలో చేతులు పెట్టి చూశారు. పాయిఖానా నీళ్ళ తొట్టి మూత ఎత్తి చూశారు. బీరువాలో చలికోటు జేబులు తిరగేశారు. ఒక జేబులో చిన్న సీసా దొరికింది! శ్యామసుందరి మూత తీసి వాసన చూసి, "సారా!" అని కుర్చీలో కూలబడింది. అది ఆస్పత్రిలో చేతులకి రాసుకునే మందు. పైన బొమ్మ కూడా ఉంది, రెండు చేతులు రుద్దుకుంటున్నట్టు. సీతారావమ్మ చదివింది మూడో తరగతే అయినా బొమ్మలు బాగానే చదవగలదు. "చేతులకి రాసుకునేదే తల్లీ" అంది.

"చేతులకి రాసుకునేవాడు నోట్లో పోసుకోలేడా?"

సీతారావమ్మ సీసా మూత బిగించి మళ్ళీ కోటు జేబులో పెట్టేసింది.

వైశాలి ఆ వారం సిడ్నీ వైపు పారమట్టాలో ఉంది. పెద్దాఫీసులో ఏదో ట్రైనింగు. శుక్రవారం సాయంత్రం విమానంలో వస్తుంది. ఫోన్లో చెప్పకూడదు, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలని శ్యామసుందరి నిశ్చయించుకుంది. కానీ అంతవరకూ కడుపులో దాచుకోవడం ఆవిడ వల్ల కాలేదు. అల్లుడు బూట్లు విప్పుతుండగా గ్లాసు ఇవ్వకుండా చేత్తోనే పట్టుకుని నిలబడింది. పక్కన సీతారావమ్మ.

"బాబూ, నేను కళ్ళున్న గుడ్డిదాన్ని ఒకసారి అయ్యాను. రెండోసారి కాను. మీరు దేన్ని కప్పిపుచ్చుకోవడానికి సోంపు నములుతున్నారు?"

భానుప్రసాద్ ఒక బూటుతో ఆగిపోయాడు. "నేను సోంపు తిని చాలా రోజులైంది అత్తయ్యగారూ. ఇంట్లో ఎక్కడుంది?"

"అదే నేనూ అడుగుతున్నాను, ఎక్కడుంది అని."

"నేను తాగలేదు."

"మీ మావగారూ అదే అనేవారు."

"వైశూకి చెప్తారా?" అన్నాడు అతను.

"చెప్పకుండా ఎలా ఉంటాను? కన్నతల్లిని."

"మీరు చెప్తే అది నమ్ముతుంది. మీ ముక్కు మాటంటే నమ్ముతుంది. నేనేం చెప్పినా..." అని, విప్పిన బూటు మళ్ళీ తొడుక్కున్నాడు. ఆస్పత్రి దగ్గర స్నేహితుడి గది ఉంది, వైశూ వచ్చేదాకా అక్కడుంటాను అన్నాడు. వెళ్ళేవాడు గుమ్మం దిగి, వెనక్కి తిరిగి, "పొద్దున దీపం మీరే పెట్టండి" అన్నాడు.

ఆ మాట సీతారావమ్మకి ముల్లులా దిగింది. తాగినవాడు దీపం సంగతి ఎందుకు గుర్తుపెట్టుకుంటాడు? కానీ శ్యామసుందరి తలుపేసుకుంటూ, "చూశావా, పట్టుపడగానే పరుగు" అంది.

శుక్రవారం పొద్దున సీతారావమ్మ వెళ్ళేసరికి శ్యామసుందరి పూజగది కడుగుతోంది. శుక్రవారం కదా, రెండు బకెట్లు. ముఖం మాత్రం ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టుంది.

"ఏమైంది?"

"నువ్వే చూడు."

గదిలో అడుగు పెట్టగానే సీతారావమ్మకి తెలిసింది. మనిషి ఇంట్లో లేడు. అతని చొక్కా లేదు, బూట్లు లేవు, ఊపిరి లేదు. సోంపు వాసన మాత్రం ఎప్పటికంటే గుప్పుమంటోంది.

"అతను లేడు గదే" అంది.

"లేడు. కానీ దాచిపెట్టి ఉంటాడు. ఇక్కడే ఎక్కడో." శ్యామసుందరి తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, పోలీసు కుక్కలా మూలమూలా వాసన చూస్తూ పాకింది. దేవుడి పీట పక్కన ఆగింది. "ఇదుగో, ఇక్కడ."

సీతారావమ్మ ముందుకు అడుగేసింది. పలక మెత్తగా, నానిన రొట్టెలా, కాలి కింద కుంగింది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పలక కింద సీసా! శ్యామసుందరి పరుగెత్తి అట్లకాడ తెచ్చింది. దేవుడి పీట జరిపి, సందులో అట్లకాడ దూర్చి ఎత్తితే, పలక విరగలేదు, పీచుపీచుగా ఊడి వచ్చింది. కింద సీసా లేదు. అడ్డదూలం మీద తెల్లగా, బూడిదరంగుగా, చెవుల్లా మడతలు పడి ఏదో పట్టి ఉంది. తోలు పరిచినట్టు. ఆ కన్నంలోంచి సోంపు వాసన ఎవరో పొట్లం విప్పినట్టు మీదికొచ్చింది.

"అమ్మో, చేతబడి!" అంది శ్యామసుందరి.

"చేతబడి వాళ్ళకి సోంపెందుకే!" అని సీతారావమ్మ కూతురికి ఫోన్ చేసి, ఆ అమ్మాయి ద్వారా బిందుమాధవిని పిలిపించింది.

బిందుమాధవి ఇక్కడి యూనివర్సిటీలో జీవశాస్త్రం పాఠాలు చెప్తుంది. వరంగల్ పిల్ల, భజనకి వచ్చేటప్పుడు పరిచయం. వచ్చీ రాగానే నేల మీద బోర్లా పడుకుని ఫోన్ లైటు వేసి కన్నంలోకి చూసింది.

"భానుప్రసాద్ పంపాడా నిన్ను?" అని అడిగింది శ్యామసుందరి.

"అన్న ఎందుకు పంపుతడు ఆంటీ? మీరే గదా పిలిచిన్రు." పిల్ల లేచి చేతులు దులుపుకుంది. "ఇది కట్టెను తినే ఫంగస్. కట్టె కుళ్ళింది."

"కుళ్ళితే కుళ్ళు కంపు కొట్టాలి. సోంపు వాసనెందుకు?"

"అదే దీని తమాషా. కట్టె తినే వాటిల కొన్ని ఈ వాసన తయారుజేస్తయ్. అనిసాల్డిహైడ్ అంటరు. సోంపుల గూడ అది కొంచెం ఉంటది. సరుకు ఒకటే ఆంటీ, చేసేటోళ్ళే వేరు."

"దానికి సోంపు వాసనతో పనేమిటి? అది కూడా దేన్నైనా దాస్తోందా?"

బిందుమాధవి నవ్వింది. "దాచుడు కాదు, వంట. కట్టెల లిగ్నిన్ అని ఒకటుంటది, సిమెంటు లెక్క గట్టిగ పట్టుకుంటది. అది ఊరికే అరగదు. దాన్ని విరగ్గొట్టనీకి ఫంగస్‌కు పెరాక్సైడ్ గావాలె. పుండు మీద పోస్తే నురగొస్తది చూడున్రి, అదే. ఈ వాసన సరుకును వాడుకొని ఆ పెరాక్సైడ్ చేసుకుంటది. ఇంక వెనకాల పుట్టగొడుగు వాసన వస్తది గదా, అది వేరే సరుకు. దానికి దోమలు గూడ వస్తయ్. ఇది ఏ జాతిదో మాత్రం ల్యాబ్‌ల చూస్తెనే తెలుస్తది."

శ్యామసుందరి నమ్మలేదు. చదువుకున్నవాళ్ళు దేనికైనా ఒక పేరు పెట్టగలరని ఆవిడ నమ్మకం. "ఆ ముక్క ఇలా ఇవ్వు" అంది. కుళ్ళిన చెక్కముక్క తీసుకుని పెరట్లోకి నడిచింది, ఇంటి గాలి తగలని చోటికి. సీతారావమ్మ వెనకాలే వెళ్ళింది. శ్యామసుందరి బొడ్డులోంచి రుమాలు తీసి తన కళ్ళకి తనే గంతలు కట్టుకుంది.

"అటూ ఇటూ మార్చి పెట్టు. మోసం చెయ్యకు."

సీతారావమ్మ ఒక మంచి కట్టెపుల్ల పెట్టింది. "కట్టె." వేపాకు లేదు గనక పక్కనున్న నిమ్మాకు నలిపి పెట్టింది. "నిమ్మ." తర్వాత ఆ చెక్కముక్క పెట్టింది.

శ్యామసుందరి ముక్కు ఇంకా దగ్గరికి తెచ్చి మళ్ళీ వాసన చూసింది.

"మా ఆయన చొక్కా జేబు" అంది.

రుమాలు విప్పకుండా అలాగే నిలబడింది. రుమాలు తడిసింది. సీతారావమ్మ నిమ్మచెట్టు వైపు తిరిగి, కాయలెన్ని కాశాయో చూస్తున్నట్టు నటించింది. ఎంత నోరున్నా, కొన్నిచోట్ల నోరు మూసుకోవడం కూడా తెలిసుండాలి.

లోపలికి వచ్చేసరికి బిందుమాధవి దూలాన్ని వేలితో నొక్కి చూస్తోంది. "వడ్రంగిని పిలిచి ఇదంతా కోసి తీయించాలె ఆంటీ. ఇంటిమీద నించి వాన గూడ కారుతలేదు. మరి ఇక్కడికి ఇన్ని నీళ్ళెట్ల వచ్చినయ్?"

నేల ఇంకా తడిగానే ఉంది. ముగ్గు సగం కొట్టుకుపోయింది. రెండు బకెట్లూ గుమ్మం పక్కనే ఉన్నాయి. శ్యామసుందరి కాలితో మెల్లిగా ఒక బకెట్టును తలుపు వెనక్కి నెట్టింది, తర్వాత రెండోదాన్ని. సీతారావమ్మ చూసింది. బిందుమాధవి కూడా చూసింది. మంచి ఇంట్లో పెరిగిన పిల్ల, "సరే, ఇంక ఈ గది ఎండనియ్యున్రి, కిటికీలు తీసిపెట్టున్రి" అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది.

శ్యామసుందరి ఫోన్ తీసింది. రెండుసార్లు పెట్టేసి, మూడోసారి చేసింది.

"బాబూ, నేను. సాయంత్రం విమానం దగ్గరికి మీరే వెళ్ళండి. అమ్మాయిని తీసుకుని ఇద్దరూ కలిసి ఇంటికి రండి. వంకాయ కూర చేస్తున్నాను." అవతల అతను ఏదో అడిగాడు. "వాసనా? వాసన ఉంది. మీది కాదు." అని పెట్టేసింది.

"నీళ్ళ సంగతి చెప్పలేదే?" అంది సీతారావమ్మ.

"అది నేల సంగతి. నేలతో నేను మాట్లాడుకుంటాను. నీకెందుకు?"

కాసేపు వంకాయలు తరిగింది. పుచ్చున్నాయేమోనని ఒక్కొక్కటీ విప్పి, వెలుతురుకి ఎత్తి చూసి మరీ తరిగింది. బల్ల మీద సోంపు డబ్బా ఉండేచోట గుండ్రటి గుర్తు మిగిలి ఉంది. దాని మీద వేలితో రాసింది, పోలేదు.

"సీతా, ఒక పని చేసిపెట్టవే."

"చెప్పు."

"మీ అమ్మాయిని కారు తియ్యమని, కేశవరావు కొట్టుకెళ్ళి పావుకిలో సోంపు తే. నేను వెళ్ళను, నీకు తెలుసుగా. నాకోసమని వాడితో అనకు. అల్లుడు భోంచేసి లేచేసరికి డబ్బా ఎప్పుడూ ఉండేచోటే ఉండాలి. నేనేం చెప్పను. అతనే చెయ్యి పెట్టి చూసుకుంటాడు."

సీతారావమ్మ చెప్పులేసుకుంది. వీధిగుమ్మం దాటబోతుంటే వెనకనించి మళ్ళీ కేక.

"ఆగాగు! కొనే ముందు సంచి విప్పించి నువ్వే వాసన చూడు. వాడు దాన్ని ఈసారి దేని పక్కన పడుకోబెట్టాడో!"